తోక మొలిచిన మచ్చ

ఆ ఇంట్లో మగ్గం పెట్టిన నాటి నుంచీ ఎవరూ అడగని గుడ్డను తణికాచలం అడిగాడు. అంచు వద్దు, కొంగు వద్దు, పువ్వు వద్దు. నలుపు చార, తెలుపు చార, మళ్ళీ నలుపు, మళ్ళీ తెలుపు. ఒక ముక్కలో చార జానెడు వెడల్పు, ఇంకో ముక్కలో బెత్తెడు, ఆ తర్వాత మూడు వేళ్ళు, రెండు వేళ్ళు, ఒక్క వేలు. మొత్తం అయిదు ముక్కలు. చార అంచు ఒక్క దారం కూడా అటూ ఇటూ పోకూడదు.

"ఇట్లాంటిది కట్టుకునేదెవరురా?" అంది పచ్చయమ్మ.

"ఎవరూ కట్టుకునేది లేదత్తా. చూసేదానికి."

"చూసేదానికి గుడ్డ ఎందుకు, సినిమాకి పోతే సరిపోదా?"

పచ్చయమ్మ తణికాచలానికి సొంత మేనత్త. తల్లి పోయాక అయిదో ఏట నుంచి తిరుత్తణి నేతవీధిలో ఆమె చేతి ముద్ద తిని పెరిగాడు. తర్వాత ఆమె కూతురు వళ్ళియమ్మనే చేసుకున్నాడు గనుక అత్త రెండు విధాలా అత్తే అయింది. చదువుకున్నాడు, ఉద్యోగం వచ్చింది, ప్యాంటు తొడిగాడు. ఆమె లెక్కలో మాత్రం ఇంకా మగ్గం గుంటలో పడి ఎడమ మడమ విరగ్గొట్టుకున్న పిల్లవాడే.

ఆ ఉద్యోగం ఏమిటో ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి అతనికి పదేళ్ళు పట్టింది. పట్టణం దగ్గర పట్టాళానికి పరికరాలు చేసే ఆఫీసు ఒకటుంది. అందులో అతను టెక్నికల్ అసిస్టెంటు. అతని పై ఆఫీసరు ద్వారకనాథ్ అని, ఊత్తుకోట పక్క రైతుల ఇంటి మనిషి. పొలం తమ్ముళ్ళకు వదిలేసి ఆరేళ్ళుగా ఒక దుర్భిణీని పట్టుకుని కూర్చున్నాడు. సరిహద్దులో కాపలా కాసే సిపాయి చీకట్లో దానికి కన్ను ఆనిస్తే ఎదర ఏముందో కనిపించాలి. చుక్కల వెలుతురు పాటి ఉంటే చాలు, లోపలి గాజు ట్యూబు ఆ వెలుతురును వేల రెట్లు పెంచి చూపిస్తుంది. చేశారు సరే, ఎంత బాగా కనిపిస్తోందో ఎవరు చెప్పాలి? 'బాగానే ఉంది సార్' అంటే పట్టాళం ఒప్పుకోదు. కొలిచి చెప్పాలి. ఆ కొలత తణికాచలం పని.

"చూపును కొలిచేదేందిరా? మూరేసి కొలుస్తావా, సోలేసి కొలుస్తావా?"

"చారలేసి కొలుస్తానత్తా. మామ నేసిన గుడ్డను దూరంగా కట్టి దుర్భిణీలో చూస్తారు. జానెడు చారలు వేరేవేరేగా తెలుస్తాయి. బెత్తెడువీ తెలుస్తాయి. సన్నబడే కొద్దీ ఒక చోట నలుపూ తెలుపూ కలిసిపోయి బూడిద మాదిరి అయిపోతుంది. యాడ కలిసిపోయిందో ఆడికి దాని చూపు అయిపోయినట్టు. ఆ తర్వాత మనిషిని నిలబెడతారు. ఏదో ఉండాది అని తెలిస్తే ఒక మెట్టు. మనిషి అని తెలిస్తే రెండో మెట్టు. ఫలానా వాడు అని తెలిస్తే మూడో మెట్టు."

"నేను చూడనా?" అన్నాడు మగ్గం గుంటలో నుంచి చౌడయ్య. పచ్చయమ్మ మొగుడు, వీధిలో అందరికంటే సన్న నేత ఆయనదే. "కొండ మీది గుడి దీపం ఈ గడప నుంచి కనిపిస్తాది నాకు."

"వద్దు మామా. ముందే తెలిసినవాళ్ళు చూడకూడదు. మనసులో ఉండేది కంటికి కనిపిస్తాది."

ఆ మాట ఊరికే అనలేదు. కిందటి ఐప్పశి నెల, దీపావళి నాటి గాలివానలో తిరుత్తణికి రెండు రోజులు కరెంటు లేదు. కొండంతా చీకటి. ఆ రెండు రోజులూ కూడా తెల్లవారుజామున గడపలో నిలబడి చౌడయ్య దీపానికి దండం పెట్టాడు, 'బ్రహ్మాండంగా కనిపిస్తా ఉండాది' అన్నాడు. అబద్ధమాడలేదు పాపం. ముప్పై ఏళ్ళుగా కనిపిస్తున్న దీపం ఆ రోజు మాత్రం ఎందుకు మానేస్తుంది?

ఇక గుడ్డే ఎందుకంటే, అంతకు ముందు వాడిన చెక్క పలకలను చెదలు తినేశాయి. కొత్తవి చేయిద్దామంటే రంగు కొట్టేవాడి చార అంచు పాము పాకినట్టు వస్తోంది. నేతలో చార అంచు అంటే రెండు దారాల మధ్య సందు. అంతకంటే నికరమైన గీత లోకంలో ఎవడు గీస్తాడు? ఆ మాట అన్నది తణికాచలమే, అత్తింటి మగ్గం పేరు చెప్పిందీ అతనే. ఎనభై రెండో సంవత్సరం చిత్తిరై నెలలో మూడో శనివారం మేజర్ వరదన్ వచ్చి చూస్తాడు. మూడు వేళ్ళ చారలు విడివిడిగా కనిపించాలి, మనిషి ఫలానా అని తెలియాలి. అది జరిగితే దుర్భిణీ పట్టాళంలోకి పోతుంది. జరగకపోతే పని మూసేసి, ద్వారకనాథ్ కింద ఉన్న తొమ్మిది మందినీ తలా ఒక దిక్కుకు పంపిస్తారు. అంతకు ముందు రెండుసార్లు గడువు పొడిగించారు. మూడోసారి లేదని కాగితం వచ్చింది.

చౌడయ్య పన్నెండు రోజుల్లో నేశాడు. బజారులో దొరికే మంచి నల్లరంగు నూలు, పాలలాంటి తెల్లనూలు. తణికాచలం ఆదివారం వచ్చి మడతల కట్ట అందుకున్నాడు. పచ్చయమ్మ పులిహోర పొట్లం చేతిలో పెట్టి, ఏదో చెప్పబోయి చెప్పకుండా ఊరుకుంది.

పరీక్ష పెట్టే చోటు పాండూరులో మూతబడిన ఒక బియ్యం మిల్లు. దాని గోడౌను ఎనభై గజాల పొడవు. కిటికీలకు గోనెపట్టాలు కొట్టి, సందుల్లో మట్టి మెత్తి, సోమవారం పొద్దున పది గంటలకే లోపల చుక్కల రాత్రి తయారు చేశారు. చుక్కల బదులు ఒక్క చిన్న బల్బు, అదీ నిప్పుకణికలా మగ్గుతూ. ఒక కొసన గోడకు జానెడు చారల గుడ్డ కట్టారు. రెండో కొసన ఇనుపకాళ్ళ స్టాండుకు దుర్భిణీ బిగించారు. దానిలో కొత్త ట్యూబు, ఎదర కొత్త గుడ్డ. కూరలో ఉప్పూ చింతపండూ ఒకేసారి మార్చకూడదని వంట వచ్చిన ఆడదానికెవరికైనా తెలుసు. పెద్ద చదువులు చదివిన ఆ ఇద్దరికీ ఆ పూట తోచలేదు.

ద్వారకనాథ్ కన్ను ఆనించాడు. చాలాసేపు ఆనించాడు.

"తణికాచలం, చారలు యాడ?"

తణికాచలం చూశాడు. ఆకుపచ్చ వెలుగులో గుడ్డ కనిపించింది, ఉతికి ఆరేసిన పంచెలాగా మొత్తం తెల్లగా. చారల్లేవు. జానెడు చారలే లేవు. పైన కుడి మూల మాత్రం గుండ్రంగా ఒక నల్ల మచ్చ.

"మచ్చ ఉండాది సార్."

"నేనూ చూసినాను. ట్యూబులో మచ్చ." ద్వారకనాథ్ గొంతులో ఏమీ లేదు. ట్యూబు గాజులో ఒక్కోసారి అలాంటి నల్ల మచ్చలు పడతాయి, అవి పడిన ట్యూబును పట్టాళం తిప్పి కొడుతుంది. ఉన్న ఒక్క కొత్త ట్యూబుకు చూపూ లేదు, పైగా మచ్చ. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

దీపాలు వేయించి మామూలు కంటితో చూశారు. ఎనభై గజాల అవతల నుంచి కూడా చౌడయ్య చారలు కత్తితో కోసినట్టున్నాయి. గుడ్డలో లోపం లేదు. అయితే లోపం ట్యూబుదే. ద్వారకనాథ్ అక్కడున్న గోనెసంచి మీద కూర్చుని, చెప్పులు విడిచి, "ఊత్తుకోటకి పోయి వేరుశనగ ఏసుకుంటాను" అన్నాడు. ఆరేళ్ళలో ఆయన అలా కూర్చోవడం తణికాచలం చూడలేదు.

గుడ్డ విప్పడానికి అవతలి కొసకు పోయాడు. పైన కుడి మూల, తెల్లచార మీద, చిన్నపిల్లల దోసె అంత కాటుక మచ్చ. ఆముదం దీపం మసితో వేలుపెట్టి గుండ్రంగా దిద్దింది. ఎవరి వేలో అతనికి చెప్పక్కర్లేదు. అంత పొడుగు గుడ్డ మగ్గం దిగి ఊరు దాటిపోతుంటే దిష్టిచుక్క పెట్టకుండా పంపే మనిషి కాదు అత్త.

దుర్భిణీలో కుడి మూల మచ్చ చూసినవాడికి, గుడ్డ మీద కుడి మూల మచ్చ చూడగానే తట్టొద్దా? తట్టలేదు. ట్యూబులో మచ్చ ట్యూబులోనే ఉందని పెద్దాయన అన్నాక, గుడ్డ మీది మచ్చ గుడ్డ మీదే ఉండిపోయింది. ముందే తెలిసిన కన్ను అబద్ధమాడుతుందని మామకు పాఠం చెప్పింది ఇతనే.

అత్త మీది కోపం దుత్త మీద చూపించారంటారు. ఆ సాయంత్రం తణికాచలం దుత్త మీది కోపం అత్త మీద చూపించాడు. గుడ్డ చంకన పెట్టుకుని పాండూరులో బస్సెక్కి తిరుత్తణిలో దిగి, గడపలోనే మొదలుపెట్టాడు.

"గవర్నమెంటు గుడ్డ మీద కాటుక పూస్తారా అత్తా? కొలిచేదానికి తెచ్చిన గుడ్డ అది. చంటిబిడ్డ అనుకున్నావా?"

పచ్చయమ్మ చేట కింద పెట్టింది. "అందరి కండ్లూ దాని మీదే పడతాయని నువ్వే గదరా చెప్పినావు. పట్టాళమోళ్ళు, ఆఫీసర్లు. నరుడి కంటికి నల్లరాళ్ళు పగులుతాయి. అందుకని పెట్టినాను."

"నీకు తెలియని దాంట్లో చెయ్యి పెట్టొద్దు."

ఆ మాట నోట్లోంచి వచ్చాక అతనికే తప్పని తెలిసింది. వెనక్కి తీసుకోలేదు. పచ్చయమ్మ గుడ్డ తీసుకుని పెరట్లోకి పోయి, కుంకుడుకాయ రసం పోసి రుద్దింది. ఆముదం మసి అంత సులభంగా పోతుందా? తడి గుడ్డ తెచ్చి తీగ మీద వేస్తూ, "పోలేదురా. సాగింది" అంది. అన్నం వడ్డించింది. రెండోసారి అడగకుండా పప్పు వేసే చెయ్యి ఆ పూట అడిగి వేసింది.

బుధవారం మళ్ళీ మిల్లుకు పోయారు. ద్వారకనాథ్ రెండు రోజులు ట్యూబును విప్పీ బిగించీ, కరెంటు పెంచీ తగ్గించీ చూశాడు. ఆరిన గుడ్డ మళ్ళీ గోడకు కట్టారు. ఆయన కన్ను ఆనించాడు. చారలు లేవు. అలాగే చూస్తూ ఉండిపోయాడు.

"తణికాచలం."

"సార్."

"ట్యూబులో మచ్చకి తోక మొలిచిందే."

"తోకా?"

"సోమవారం గుండ్రంగా ఉండింది. ఈపొద్దు కిందికి సాగింది. గాజులో మచ్చ యాడైనా సాగుతుందా?"

తణికాచలం ఎనభై గజాలూ ఆ చీకట్లో పరిగెత్తాడు. రెండుసార్లు దేన్నో తన్నుకున్నాడు. గుడ్డ దగ్గర చేరి ఆ మచ్చ మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడు ఉండాదా సార్?" అని అరిచాడు.

అటునుంచి ద్వారకనాథ్ గొంతు, సోమవారం నుంచి వినపడని హుషారు గొంతు, "లేదు. చెయ్యి తియ్యి. ఉండాది. మళ్ళీ పెట్టు. లేదు."

ఆ మచ్చ గుడ్డ మీదిది. అంటే దుర్భిణీకి చూపుంది. దోసె అంత మచ్చను, దాని తోకను కూడా చూసింది. మరి జానెడు చారలను ఎందుకు చూడలేదు? ద్వారకనాథ్ తానే నడిచి వచ్చి, తన వేలు ఆ మసికి రుద్ది, నల్లచార మీద ఒక లావు గీత గీసి, వెనక్కి పోయి చూశాడు. నల్లచార తెల్లగానే ఉంది. దాని మీద మసి గీత మాత్రం నల్లగా నిలబడింది.

సంగతి చిన్నది. ఎరుపుకు అవతల మన కంటికి కనపడని ఒక వెలుగు ఉంది. బల్బులోనూ ఉంటుంది, చుక్కల్లోనూ ఉంటుంది. ఈ దుర్భిణీ ఎక్కువగా చూసేది ఆ వెలుగునే. బజారు నల్లరంగు మన వెలుగును మింగుతుంది గాని ఆ వెలుగును మింగలేదు, తిరిగి పంపేస్తుంది. అందుకని ఆ కంటికి నల్లచారా తెల్లచారా ఒక్కటే. మసి అలా కాదు. మసి అన్ని వెలుగులనూ మింగుతుంది. పాత చెక్క పలకల మీద కొట్టిన రంగులో మసి ఉండేది, అందుకే అవి కనిపించాయి.

"గుడ్డ మీద నిజమైన నలుపు ఇదొక్కటే" అన్నాడు ద్వారకనాథ్. "ఎవరు పెట్టినారిది?"

"మా అత్త సార్."

"ఎందుకు పెట్టింది?"

"మీ కన్ను తగలకుండా."

ద్వారకనాథ్ నవ్వలేదు. "నా కన్నే తగిలింది" అన్నాడు. "ఆ తల్లిని అడుగు. మసి కావాల. శనివారానికి అన్ని చారలకూ."

ఇక అడగడానికి పోవలసింది తణికాచలమే. మిల్లు కాపలాదారు ఏసు ఇచ్చిన కాఫీ తాగి, బస్సులో దారి పొడవునా మాటలు కూడబలుక్కుని, తీరా గడపలో నిలబడేసరికి ఒక్కటీ గుర్తు రాలేదు. పచ్చయమ్మ కండెలు చుడుతోంది. తలెత్తింది.

"మళ్ళీ ఏం చేసినాను?"

"ఏం చెయ్యలేదత్తా. ఇంకా చెయ్యాల."

జరిగింది చెప్పాడు. మొత్తం చెప్పాడు, తోకతో సహా. చౌడయ్య దారం విసిరే నాడె ఆపి విన్నాడు, తన నలుపు నలుపు కాదన్న చోట మొహం ముడుచుకున్నాడు. పచ్చయమ్మ అంతా విని ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎంత మసి కావాల?"

"సోలెడు."

"సోలెడు కాటుకా? ఊళ్ళో ఆడోళ్ళందరికీ నూరేళ్ళకి సరిపోతుంది గదరా."

కానీ లేచింది. వీధిలో ఏ ఇంటికి పోయిందో, ఏం చెప్పిందో తెలియదు. గురువారం పొద్దుటికి పన్నెండు ఇళ్ళ అరుగుల మీద ఆముదం ప్రమిదలు వెలుగుతున్నాయి, ఒక్కోదాని మీద బోర్లించిన రాగి పళ్ళెం. ఆడవాళ్ళు మంచు గీరినట్టు మసి గీరి కొబ్బరిచిప్పల్లో పోశారు. తంబళ్ళ వీధి అలిమేలమ్మ, పచ్చయమ్మతో మూడేళ్ళుగా మాటల్లేని మనిషి, రెండు చిప్పలు పంపింది. యుద్ధం వస్తోందా అని ఒకామె అడిగితే, "మా అల్లుడికి దిష్టి తగిలింది, అది పెద్ద దిష్టి" అని పచ్చయమ్మ జవాబు. చౌడయ్య ఆ మసిని పల్చటి గంజిలో కలిపి, కుంచె పట్టుకుని నల్లచారల మీద ఒక్కో దారం వెంబడే పూశాడు. తెల్లచార మీదికి ఒక్క దారం కూడా పోలేదు. శుక్రవారం సాయంత్రానికి అయిదు ముక్కలూ ఆరాయి. తణికాచలం ఆ రెండు రోజులూ ప్రమిదల్లో ఆముదం పోస్తూనే ఉన్నాడు. 'తప్పయిపోయింది' అన్న మాట ఎన్నోసార్లు నాలుక కొస దాకా వచ్చింది. ఎవరో ఒకరు మసి చిప్ప తేవడం, ఆ మాట మింగడం.

మడత పెడితే మసి అంటుకుంటుంది గనుక గుడ్డలను వెదురు బొంగులకు చుట్టారు. శనివారం పొద్దున ఆ బొంగులు పట్టుకుని పచ్చయమ్మే బస్సెక్కింది, వేరే ఎవరు పట్టినా చెరిపేస్తారని. కండక్టరు అరవంలో అవ్వా అని పిలుస్తూ "జెండాలా పాట్టీ?" అంటే, "కాదు నాయినా, దుర్భిణీకి కంటి పరీక్ష" అని గంభీరంగా చెప్పింది.

మేజర్ వరదన్ చెంగల్పట్టు వైపు తమిళుడు, సన్నగా, తక్కువ మాటల మనిషి. చారలు నిలువుగా కడతారో అడ్డంగా కడతారో ఆయనకు చెప్పరు. చూసి ఆయనే చెప్పాలి. జానెడు చారలు చెప్పాడు. బెత్తెడు చెప్పాడు. మూడు వేళ్ళు, అడ్డం అన్నాడు. అడ్డమే. రెండు వేళ్ళు, కొంచెం ఆలోచించి నిలువన్నాడు. నిలువే. ఒక్క వేలు చారలు బూడిదైపోయాయి, తెలియడం లేదన్నాడు. అడిగింది మూడు వేళ్ళు, వచ్చింది రెండు వేళ్ళు. ద్వారకనాథ్ గోడకు ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు.

"ఇంక మనిషి" అన్నాడు మేజరు. "ఏదో ఉందని తెలియడం, మనిషని తెలియడం, అవి చూశాను. ఫలానా మనిషి అని ఎట్లా చెప్పను? ఇక్కడ ఎవరూ నాకు తెలియదు."

మేజరు చుట్టూ చూశాడు. తలుపు దగ్గర బొంగులు ఒళ్ళో పెట్టుకుని, ఒళ్ళంతా మసితో కూర్చున్న ముసలామె కనిపించింది.

"పాట్టీ ఎవరు?"

"మా అత్త సార్. గుడ్డ తెచ్చింది."

"ఆమెను రమ్మనండి."

ద్వారకనాథ్ అడ్డొచ్చాడు. తన ఆరేళ్ళ పనికి లాభమయ్యే మాట అయినా అడ్డొచ్చాడు, అదీ ఆయన. "తెలిసినవాళ్ళ కన్ను అబద్ధమాడుతుంది సార్. ప్రేమ ఉంటే ఇంకా ఆడుతుంది. రహస్యం సంగతి కూడా ఉంది."

"రహస్యం పెట్టె లోపల. కన్ను పెట్టేది బయట" అన్నాడు మేజరు. "అబద్ధం సంగతి నేను చూసుకుంటాను." ఆయన ద్వారకనాథ్ చెవిలో ఏదో చెప్పాడు, డ్రైవరు తంగరాజును పిలిచి అతని చెవిలోనూ చెప్పాడు.

తణికాచలానికీ ఏసుకూ ఒకే రకం ఖాకీ కోట్లు తొడిగి, తలలకు తువ్వాళ్ళు చుట్టి, అవతలి కొసన గుడ్డ ముందు నిలబెట్టారు. ఇద్దరూ ఒకే ఎత్తు. దీపాలు ఆర్పారు. ఎదర ఏమీ కనపడని చీకటిలో నిలబడి తణికాచలం వింటున్నాడు.

"పాట్టీ, మీ అల్లుడు కుడి పక్కా, ఎడమ పక్కా?"

"అయ్యో, పచ్చగా ఉండాడే" అంది పచ్చయమ్మ ముందుగా. తర్వాత, "ఎడమ."

నిజం. స్థలాలు మార్చారు. "కుడి." మళ్ళీ మార్చకుండా అలాగే ఉంచారు. "కుడి. కదలనే లేదు గదా." అలా ఆరుసార్లు. ఆరుసార్లూ తడుముకోకుండా చెప్పింది.

ఏడోసారి వెనక తలుపు సందు నుంచి ఎవరో వచ్చి తణికాచలం భుజం తట్టారు. తంగరాజు. ఖాకీ కోటు, తువ్వాలు, అంతే ఎత్తు. మాట్లాడకుండా అతన్ని పక్కకు జరిపి అతని చోట నిలబడ్డాడు. తణికాచలానికి అర్థమైంది. బయటకు వచ్చి, కళ్ళు చెదిరే ఎండలో మిల్లు చుట్టూ తిరిగి, ఇవతలి తలుపు నుంచి చప్పుడూ వెలుతురూ రాకుండా లోపలికొచ్చి అత్త వెనక నిలబడ్డాడు.

అప్పుడు పట్టుకుంది భయం. మామకు లేని దీపం కనిపించింది. రెండు రోజులు కరెంటు లేకపోయినా కనిపించింది. తన కోసం అయిదో ఏట నుంచి కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసిన మనిషి ఈమె. బడి నుంచి వస్తాడని, పట్టణం నుంచి వస్తాడని. ఇప్పుడు లేని మేనల్లుడు ఆమెకు కనిపిస్తే, 'ఎడమ' అనో 'కుడి' అనో ఒక్క మాట అంటే, చూసింది దుర్భిణీ కాదు, ప్రేమ అని మేజరు రాసేస్తాడు. ఆరేళ్ళ పని అంతటితో సరి. ఆమెకు చెబుదామంటే నోరు విప్పకూడదు.

పచ్చయమ్మ చూస్తోంది. ఇంతసేపు ఎప్పుడూ చూడలేదు.

"పాట్టీ? ఎడమా, కుడా?"

ఆమె కన్ను తీసింది. దుర్భిణీ లోపలి ఆకుపచ్చ వెలుగు ఆమె ముక్కుపుడక మీద పడింది. కొంగుతో కన్ను తుడుచుకుని మళ్ళీ ఆనించింది.

"ఎడమ పక్కోడు ఏసు" అంది మెల్లగా. "కుడి పక్కోడు ఎవడో. రెండు కాళ్ళ మీదా సమంగా నిలబడినాడు. మావాడు అట్ల నిలబడడు, ఎడమ కాలు మీద బరువు మొయ్యడు." స్టూలు మీద నుంచి లేచింది. "ఇద్దర్లో మావాడు లేడు. వాడు యాడ? యాడికి పంపించినారు వాణ్ణి?"

"ఈడే ఉండానత్తా" అన్నాడు తణికాచలం. "నీ యెనకాలే."

ఆమె చీకట్లో రెండు చేతులూ చాపి అతని మొహం వెతికి పట్టుకుంది.

దీపాలు వేశారు. మేజర్ వరదన్ అప్పటికే రాసుకుంటున్నాడు. ఆరుసార్లు ఉన్నవాణ్ణి ఉన్నాడంది, ఏడోసారి లేనివాణ్ణి లేడంది, ఇంతకంటే నికరమైన కన్ను తనకు దొరకలేదని ద్వారకనాథ్‌తో అన్నాడు. ఫారంలో చూసినవారి పేరు గడి నింపి, పక్కన అర్హత అన్న గడి దగ్గర కలం ఆపాడు. ఒకసారి పచ్చయమ్మ వైపు చూసి, 'మేనత్త' అని రాసి సంతకం పెట్టాడు. ద్వారకనాథ్ ఆ కాగితం అందుకుని, చదివినట్టు నటించి, మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

"సోమవారం నిన్ను ఆ మాట అనకుండా ఉండాల్సింది అత్తా" అన్నాడు తణికాచలం. "నీకు తెలియదని అన్నాను. తప్పు నాదే."

"అన్నావు" అంది పచ్చయమ్మ. "మనసు కష్టపడింది. రుద్దినాను. రుద్దితేనే గదా తోక మొలిచింది, లేకుంటే మీకు తెలిసుండేదా?"

అని అతని మొహం చూసి నాలుక కరుచుకుంది. రెండు బుగ్గల మీదా, నుదుటి మీదా ఆమె వేళ్ళ మసి. కొంగు కొస నోట తడుపుకుని, అంతమంది ఆఫీసర్ల ఎదుట, ఒక్కో మరకా తుడిచింది. ముప్పై నాలుగేళ్ళ టెక్నికల్ అసిస్టెంటు మెడ వంచి నిలబడ్డాడు. చివరగా ఎడమ చెవి కింద ఒక్క మచ్చ మిగిలింది. దాని దగ్గర కొంగు ఆపింది.

"ఇది ఉండనీ" అంది.